ఎల్లకు ఇరువంకల దొరతనము: తెలుగు వాఙ్మయమున ఆంగ్లపాలన చిత్రణము

వెంకటమ్మనహళ్లి యను పేరిలోనే రెండు భాషలు కలిసియున్నవి. వెంకటమ్మ తెలుగు వారికిని కన్నడిగులకును సమానమైన ఆడపేరు. దానిపై నున్న 'న' కన్నడపు షష్ఠీప్రత్యయము. హళ్లి యనగా కన్నడమున పల్లె. ఈ గ్రామము కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చెందినది. ఆ తాలూకాలోనే క్యాతగానచర్లు, రాయచర్లు వంటి ఊళ్లపేళ్లు తెలుగు చెఱువును స్ఫురింపజేయుచున్నవి. అచట ఇండ్లలోను పొలములలోను వినబడు భాష అధికముగా తెలుగు. కచేరి కాగితములలోని భాష కన్నడము. పావగడ సీమను చాలమేరకు పూర్వపు అనంతపురము జిల్లా గ్రామములే చుట్టియున్నవి. అటునుండి ఇటు, ఇటునుండి అటు పిల్లనిచ్చుట, పిల్లను తెచ్చుకొనుట, సంతకు పోవుట, జాతరకు పోవుట తరతరములుగా నడచుచున్న విషయములు.

ఈ నేలను రెండుగా కోసిన గీత భాషను బట్టి గీచినది కాదు, ఏటిని బట్టియు కొండను బట్టియు గీచినది కాదు. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలి టిప్పుసుల్తాను మరణించిన పిమ్మట విజేతలు అతని రాజ్యమును పంచుకొనిరి. ఆ పంపకమున పెనుగొండ మొదలైన ప్రాంతములు నిజాము వంతునకు వచ్చెను. పావగడ, మైసూరు గద్దెపై తిరిగి కూర్చుండబెట్టిన ఒడెయరు వంశపు బాలరాజునకు మిగిలెను. తన సంరక్షణార్థము ఉంచిన కుంపిణీ సేనల వ్యయమునకై నిజాము 1800 అక్టోబరు 12వ తేదీన తన వంతును కుంపిణీకే అప్పగించెను. అదియే దత్తమండలము. అంతకు ముందు హైదరు కాలమునను టిప్పు కాలమునను ఒక్క ప్రభుత్వము క్రింద నుండిన రైతులు, ఈ రెండేండ్లలో, తాము కదలకయే, వేఱువేఱు ప్రభుత్వములకు చెందినవారైరి. ఒకవంక కరణము, ఇంకొకవంక శానుభోగు. ఒకవంక తహసీల్దారు, ఇంకొకవంక అమల్దారు. పన్ను కట్టు చేతులు మాత్రము ఒకే విధమైనవి.

తెలుగున ఆంగ్లపాలనను గూర్చి వ్రాసిన గ్రంథములను, పాడిన పాటలను ఈ ఎల్లపై నిలిచి చదివినచో ఒక లోపము స్పష్టమగును. అందలి కథ సామాన్యముగా మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల కథ. సర్కారు జిల్లాలు కుంపిణీకి చిక్కుట, దత్తమండలములు వచ్చుట, 1858లో రాణీ ప్రభుత్వమేర్పడుట, వందేమాతరోద్యమము, సహాయనిరాకరణము, ఉప్పు సత్యాగ్రహము, 1947 ఆగస్టు 15: ఈ మెట్లమీదుగా ఆ కథ నడచును. నిజాము రాష్ట్రపు తెలుగువారి కథ ఆలస్యముగానైనను ఇందు చేరినది. మైసూరు సంస్థానపు తెలుగువారి కథ చేరలేదు. వారు తెలుగువారు గనుక కన్నడ చరిత్రలో వారిని తెలుగువారుగా చెప్పు అవసరము లేకపోయెను. వారు మైసూరువారు గనుక తెలుగు చరిత్రలో వారికి చోటు చిక్కలేదు. ఇది చోటు చాలకపోవుటవలన కలిగిన లోపము మాత్రమే కాదు. పరపాలన యనగా నేమి యను ప్రశ్నకు తెలుగు వాఙ్మయము చెప్పుకొన్న సమాధానమే దీనికి మూలము.

ఆ సమాధానము తొలిరోజులలో ఇంత ఇఱుకుగా లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ను చూడుడు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. కుంపిణీ వారి కడపసీమ దాటి కర్నూలు నవాబు సీమలోనికి, అటనుండి నిజాము రాజ్యములోనికి ఆయన పోవునపుడు పాఠకునికి ప్రభుత్వము మాఱినట్లు తెలియుచునే యుండును. దారి యెట్లున్నది, భద్రత ఎంత, సుంకము ఎవరికి, సరకులు దొరకునా, ఊరు నిండుగా నున్నదా పాడుపడినదా యను వివరములచే ఆయన రాజ్యములను కొలిచెను. దొర తెల్లవాడా నల్లవాడా యనుట ఆయనకు మొదటి ప్రశ్న కాదు. దొరతనము ఊరిలో ఎట్లు పనిచేయుచున్నది యనుటయే ప్రశ్న. ఆయన కుంపిణీ కొలువులోని వాడు గనుక కుంపిణీ పట్ల మెత్తదనము చూపెననుట నిజమే. ఐనను ఆయన పద్ధతి గట్టిది. 1838లో అచ్చైన ఈ గ్రంథమును దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో తిరిగి వెలువరించి చేసిన ఉపకారము గొప్పది. ఆయన దారి మైసూరు మీదుగా పోలేదు. పోయినచో, ఆయన యాత్రలో నున్న దినములలోనే నగర ప్రాంతపు రైతులు మైసూరు ప్రభుత్వముపై తిరుగబడియుండుట ఆయన కలమునకు అందియుండెడిది.

కైఫీయతుల సంగతి ఇంకను విచిత్రమైనది. టిప్పు పతనము వెనుకనే కర్నలు కాలిన్ మెకంజీ మైసూరు సర్వేకు నియుక్తుడయ్యెను. క్రొత్తగా ఏర్పడిన ఎల్లలను నేలపై గుర్తించుట ఆ సర్వేలోని ముఖ్యమైన పని. ఏలూరునకు చెందిన కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయనకు కుడిభుజములై యుండిరి. వారును వారి క్రింది వారును ఊరూరు తిరిగి కరణముల వద్ద దండకవిలెలను, పెద్దల నోటి మాటలను సేకరించిరి. పాళెగాండ్ర వంశములు, చెఱువు త్రవ్వించిన వారు, గుడి కట్టించిన వారు, ఇనాము లిచ్చిన వారు, కఱవులు, దండయాత్రలు, ఇవన్నియు అందు చేరినవి. తెలుగు వచనమునకు ఇది ఒక గని. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' నకు మూలమైన కథ అనంతపురపు స్థానిక చరిత్రలోనిదే. ఐతే ఈ గని ఎవరికొఱకు త్రవ్వబడినది? గ్రామమున పన్ను ఎంత, హక్కుదారులెవరు, పాళెగాని బలమెంత యను విషయములు తెలియగోరిన ప్రభుత్వము కొఱకు. గ్రామము తన కథను తాను చెప్పుకొన్నది; కాని అడిగినవానికి కావలసిన క్రమమున చెప్పుకొన్నది. కైఫీయతులను పొగడు విమర్శకులు ఈ రెండవమాటను మఱచుదురు. వానిని సామ్రాజ్యపు దస్తరములని త్రోసివేయువారు మొదటిమాటను మఱచుదురు. ఇద్దఱి తీర్పును సగమే.

ఇట్టి సగపు తీర్పులకు మన్రోదొర కథ మఱియొక ఉదాహరణము. దత్తమండలములకు 1800 నుండి 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పేరును ఆ సీమవారు తమ బిడ్డలకు పెట్టుకొనిరి. 1827లో ఆయన పత్తికొండలో వాంతిభేదితో మరణించినపుడు ప్రజలు దుఃఖించిరి. తెలుగున ఆయనను గూర్చియు, సి. పి. బ్రౌనును గూర్చియు, కాటనును గూర్చియు వ్రాసినవారిలో కృతజ్ఞత పొంగిపొరలును. కృతజ్ఞత దోషము కాదు. బ్రౌను నిఘంటువును విప్పినవాడెవ్వడును ఆయనకు నమస్కరింపక యుండలేడు. కాని 1807లో సీమను విడుచునాటికి మన్రోయే, భూమిపన్ను అధికముగా నున్నది, నూటికి 25 వంతు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. పైవారు వినలేదు. గుత్తల పద్ధతి వచ్చి రైతులు చితికిరి. ఆయన గవర్నరై వచ్చిన పిమ్మట, 1820 ప్రాంతమున, ఆ తగ్గింపు అమలునకు వచ్చెను. మంచిదొర మాటయే పదుమూడేండ్లు చెల్లలేదన్నచో, పాలనను దొర గుణమును బట్టి అంచనావేయుట ఎంత పొరపాటో తెలియును. జానపదుల మనసునకు దొర యొక మనిషి. చరిత్రకారుడు అంతటితో ఆగరాదు.

పావగడ వంక దొర మనిషిగా కనబడుట కూడ తక్కువ. ఇచటనే విషయము జటిలమగుచున్నది. 1799 సంధి ప్రకారము మైసూరు రాజు కుంపిణీ సేనల వ్యయమునకై ఏటేట 7 లక్షల వరాహాలు, అనగా ఇరువదినాలుగున్నర లక్షల రూపాయలు, కట్టవలసి యుండెను. ఆయనకు వదలిన సీమల ఆదాయపు అంచనా 13 లక్షల వరాహాలకు పైచిల్లర. సగమునకు మించిన భాగము కప్పమునకే సరి. దివాను పూర్ణయ్య గొప్ప సమర్థుడని అందఱును చెప్పుదురు. ఆ సామర్థ్యములో అధికభాగము ఈ కప్పమును తప్పక చెల్లించుటకై రాబడి పెంచుటలోనే వ్యయమైనది. ఆ డబ్బు ఏ మడిలో, ఏ మెట్టచేనిలో పుట్టినదో ఆ రైతునకు అది శ్రీరంగపట్టణపు గోడలు కూలగొట్టిన సేనకు జీతముగా పోవుచున్నదని తెలియు మార్గము లేదు. వసూలు చేయువాడు శానుభోగు, తీసికొనిపోవువాడు అమల్దారు, కాగితముపై ముద్ర మహారాజుది.

నగర తిరుగుబాటు నెపమున 1831 అక్టోబరులో గవర్నరు జనరలు బెంటింకు రాజునుండి పాలనను తీసివేసెను. అప్పటినుండి 1881 మార్చి 25 వఱకు, దాదాపు ఏబదియేండ్లు, మైసూరు బ్రిటిషు కమిషనర్ల చేతిలో నున్నది. అందు 1834 నుండి 1861 వఱకు మార్కు కబ్బను ఏలెను. కనుక మైసూరువారు ఎల్లప్పుడును స్వదేశప్రభువు నీడలో నుండిరన్న మాట చెల్లదు. అర్ధశతాబ్దము ఎల్లకు ఇరువంకలను దొరతనము ఒక్కటే, పేళ్లే వేఱు.

ఆ ఏబదియేండ్ల చివరను ధాత కఱవు వచ్చెను. 1876 నుండి 1878 వఱకు ధాత, ఈశ్వర సంవత్సరములలో దక్షిణాపథమున వర్షములు లేక జనము మలమల మాడిరి. తెలుగువారును కన్నడిగులును దీనిని ఒక్క సంవత్సరము పేరనే తలచుకొనిరి. కొలది మాసములలో ఊళ్లు ఊళ్లే ఖాళీ అయినవి. కేంద్రప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపులు, సహాయపు పనిలో నున్న మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొంచెము డబ్బు చాలునని 1877 జనవరిలో మద్రాసు రాజధానిలో ఏర్పాటు చేసెను. అది ఆకలిని కొలిచిన కొలత కాదు. ఖజానాను కొలిచిన కొలత. వైద్యాధికారులు ఎదిరించిన పిమ్మట ఆ ఏడే అది కొంత పెరిగినది. మైసూరులో 1871 జనగణనమున 50 లక్షలు దాటియున్న జనము 1881 నాటికి 42 లక్షల లోపునకు దిగెను. బళ్లారి జిల్లా, అనగా నేటి అనంతపుర భాగములతో గూడిన నాటి జిల్లా, మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న వానిలో నొకటి. మద్రాసు టైమ్సు సంపాదకుడైన విలియం డిగ్బీ 1878లోనే దీనిపై రెండు సంపుటముల గ్రంథము వెలువరించెను. అధికారుల లెక్కలలో మైసూరు మృతులు వేఱు, మద్రాసు మృతులు వేఱు. తెలుగు చరిత్ర రచనలును ఆ లెక్కల విభాగమునే అనుసరించినవి. పావగడలో చచ్చిన తెలుగువాడు ఆంధ్రుల కఱవుకథలో లెక్కకు రాలేదు. ఎల్లను గీచినవారి పుస్తకమునుబట్టి శోకమును కూడ పంచుకొనుట విచారింపదగిన విషయము.

1881లో మైసూరు తిరిగి ఒడెయరులకు దక్కినది. ఆ దక్కుటలో నొక మెలిక యున్నది. కప్పము ఇరువదినాలుగున్నర లక్షలనుండి 35 లక్షలకు పెంచబడినది. కఱవు దెబ్బ నెఱిగి ఆ పెంపును 1896 వఱకు వాయిదా వేసిరి. 1928లో గాని ఆ పదిన్నర లక్షలు తగ్గలేదు. రాజ్యము తిరిగి ఇచ్చితిమను ఖ్యాతియు దక్కినది, రాబడియు పెరిగినది. దివాను రంగాచార్లు అదే యేట ప్రజాప్రతినిధి సభను కూర్చుట, తర్వాతి దివానులు ఆనకట్టలు, విద్యుత్తు, విశ్వవిద్యాలయము కూర్చుట మైసూరునకు 'మాదిరి సంస్థానము' అను పేరు తెచ్చినవి. ఆ కీర్తి నిజమైనదే. తెలుగు విద్వాంసులకు ఆ సంస్థానము ఇచ్చిన ఆదరమును తక్కువది కాదు. అనంతపురము జిల్లాలోని రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు 1912 నుండి 1949 వఱకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. కట్టమంచివారును అచటనే ఆచార్యులై, విద్యాధికారియై పనిచేసిరి. వేమనను గూర్చి తెలుగున వెలువడిన ఉత్తమ విమర్శలలో నొకటి మైసూరు కొలువులోని పండితుని కలమునుండి వచ్చినదనుట, సాహిత్యమునకు ఆ ఎల్ల లేదని చాటుచున్నది. రాజకీయమునకు మాత్రము ఉన్నది.

అందువలననే జాతీయోద్యమ కవిత్వము ఎల్లను దాటలేకపోయినది. 1907లో బిపినచంద్రపాలుని రాజమహేంద్రవరపు ఉపన్యాసముల సందర్భమున చిలకమర్తివారు చెప్పిన పద్యము, సహాయనిరాకరణ దినములలో గరిమెళ్ల సత్యనారాయణగారిని చెఱసాలకు పంపిన తెల్లదొరతనపు పాట తెలుగునాట మారుమ్రోగినవి. వాని బలము ఎదుటివానిని చూపించి పాడుటలో నున్నది. దోచువాడు ఎదుటనే యున్నాడు. వాని రంగు తెలియును, వాని టోపీ తెలియును. మైసూరు సంస్థానములోని పల్లెలో 1921నాడు ఆ పాట పాడినచో వ్రేలు ఎవరివైపు చూపవలెను? అమల్దారు స్వదేశీయుడు. మహారాజు ప్రజలకు పూజ్యుడు. పాటలోని శత్రువు బెంగుళూరు దండులోను, రెసిడెంటు భవనములోను, లెక్కలలోని కప్పమున నున్నాడు, ఊరిలో లేడు. ఇది ఆ కవుల దోషము కాదు. పాట పాటగా నిలుచుటకు అట్టి సూటిదనము కావలెను. దోషము పాటను చరిత్రగా గ్రహించిన తర్వాతివారిది. పరపాలన యనగా తెల్లదొర యనియే తలచినవారికి, తెల్లదొర కనబడని చోట పరపాలన లేదనిపించెను. కనుక అచటి పోరాటమును స్వాతంత్ర్య సమరముగా తోచలేదు.

ఆ పోరాటపు వ్రణము పినాకినీ తీరముననే యున్నది. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు, సంస్థాన ప్రజలు తమ పోరాటమును తమ సంస్థల ద్వారముననే నడుపుకొనవలెనని తీర్మానించినది. ఏప్రిలులో మద్దూరు సమీపపు శివపురమున మైసూరు కాంగ్రెసువారు నిషేధమును ధిక్కరించి త్రివర్ణపతాక నెత్తిరి. అదే నెల 25వ తేదీన గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థమున, జాతరకు కూడిన జనముపై, సంస్థానపు పోలీసులు కాల్పులు జరిపిరి. మృతుల సంఖ్య అధికార లెక్కలలో 10. జనుల లెక్కలో ముప్పదికి పైన. విచారణ సంఘమునకు అధ్యక్షుడు వేపా రామేశముగారు, తెలుగువారే. పటేలు, కృపలానీలు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుతో మాటలాడిన పిమ్మట సంస్థానపు జెండాతో పాటు కాంగ్రెసు జెండాకును అనుమతి లభించినది.

విదురాశ్వత్థము తెలుగు, కన్నడములు కలిసిన సీమ. హిందూపురమునకు కూతవేటు దూరమనదగినది. కాల్చినవారు తెల్లవారు కారు, కాల్పించిన ప్రభుత్వము పేరును ఆంగ్లేయులది కాదు. చీరాల పేరాలను, అల్లూరి సీతారామరాజు మన్యమును పద్యములతోను పాటలతోను నింపిన తెలుగుజాతి, ఆ అశ్వత్థవృక్షపు నీడలో పడినవారికి దానిలో పదవవంతైనను ఇచ్చినదా యని అడుగుట అన్యాయము కాదు. కన్నడిగులు దానిని దక్షిణపు జలియనువాలాబాగు అని పిలుచుకొని స్మారకము నిలిపిరి. తెలుగు గ్రంథములందు అది పొరుగువారి వార్త.

1947 ఆగస్టు 15న ఎల్లకు తూర్పున స్వరాజ్యము వచ్చెను. పడమట రాలేదు. మైసూరు భారత యూనియనులో చేరినను, బాధ్యతాప్రభుత్వము ఇచ్చుటకు రాజును దివాను రామస్వామి ముదలియారును వెనుదీసిరి. సెప్టెంబరులో 'మైసూరు చలో' సత్యాగ్రహ మారంభమయ్యెను. వేలకొలది జనము చెఱసాలలకు పోయిరి. కోలారు సీమ క్యాసంబళ్లికి చెందిన కె. చెంగలరాయరెడ్డిగారు అక్టోబరు 25న మొదటి ముఖ్యమంత్రియైనపుడుగాని పావగడ రైతునకు స్వరాజ్యము రాలేదు. డెబ్బదియొక్క దినముల అంతరము. ఈ దినములను గూర్చి తెలుగున ఒక కథయో నవలయో వెలువడదగినది.

పేర్ల విషయమున తెలుగువారు మేల్కొనకపోలేదు. 'దత్తము' అనగా ఇచ్చివేయబడినది. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నవాడు కుంపిణీ, ఉన్న జనము సరకు. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు మాని 'రాయలసీమ' అను పేరు సూచించిరి. తెలుగున పరపాలనకు జరిగిన విమర్శలలో ఇది మిక్కిలి సంగ్రహమైనది, మిక్కిలి సఫలమైనది. ఐనను క్రొత్తపేరు కూడ పాత దత్తమండలపు కొలతకే సరిపోయినది. రాయల యేలుబడిలోనే యుండిన పావగడ ఆ పేరిట చేరలేదు. సంధిపత్రము పేరును మాత్రము పోగొట్టిరి, దాని హద్దును ఉంచిరి.

ఈ హద్దును నిజముగా దాటినది ఏరు ఒక్కటే. ఉత్తరపినాకిని నంది కొండలలో పుట్టి, విదురాశ్వత్థము ప్రక్కగా, హిందూపుర సీమలోనికి పోయి, తిరిగి పావగడ తాలూకా నాగలమడక వద్ద కనబడి, మరల అనంతపుర సీమకు మరలును. విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట' 1956లో వెలువడినది. అందలి రంగని బ్రతుకును రాయలసీమ బ్రతుకని విమర్శకులందఱును వ్రాసిరి. పేరు అది గనుక అట్లు వ్రాయుట సహజమే. కాని ఏరు ఎండినపుడు నాగలమడకలోను ఇసుకయే, రొద్దములోను ఇసుకయే. ఆ కావ్యమును దత్తమండలపు కొలతనుండి విడిపించి ఏటి కొలతతో చదివినచో దాని విస్తీర్ణము ఇంకను పెరుగును.

కావ్యము వెలువడిన ఆ సంవత్సరముననే నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినవి. 1953లో బళ్లారి తాలూకాలను గ్రామగ్రామపు భాష లెక్కించి తగవులాడి పంచిరి. పావగడ వద్ద అట్టి మార్పు జరుగలేదు. శ్రీరంగపట్టణపు పంపకమున పడిన గీత, సంస్థానపు ఎల్లగా, పిదప మైసూరు రాష్ట్రపు ఎల్లగా, 1973 నుండి కర్ణాటకపు ఎల్లగా నిలిచినది. అటువైపు జిల్లా పేరు 2022లో కొంతమేర శ్రీ సత్యసాయి జిల్లాగా మాఱినది, గీత మాఱలేదు. వెంకటమ్మనహళ్లి పేరు తెలుగు పత్రికలలో ప్రముఖముగా కనబడినది 2005 ఫిబ్రవరిలో, అచటి పోలీసు శిబిరముపై నక్సలైట్లు రాత్రివేళ దాడిచేసి పలువురిని చంపినపుడు. అప్పుడును వార్త 'పొరుగు రాష్ట్రము' అను శీర్షిక క్రిందిదే. ఆ ఊరి కరణపు కవిలెలు, శానుభోగు లెక్కలు, ధాత కఱవునాటి కథలు, 'మైసూరు చలో'లో చెఱసాలకు పోయినవారి జ్ఞాపకములు ఇంటింట తెలుగుననే చెప్పుకొనబడుచుండును. వానిని వ్రాసికొనుటకు కావలి సోదరుల వంటివారు మరల ఆ త్రోవను పోవలసియున్నది, ఈసారి ఏ కలెక్టరు కొఱకును గాక.